ఉప్పు సరిపోయిందా అక్కా

కేసముద్రంలో మా పక్కింట్లో తొక్కులు అమ్మే ఆమె ఒక్కతే ఉండేది. ఎవరొచ్చినా అరచేతిలో ఇంత మామిడికాయ తొక్కు పెట్టి, "ఉప్పు సరిపోయిందా అక్కా?" అని మొహంలోకి చూసేది. ఫోన్‌లో ఆర్డర్లు మొదలయ్యాక అమ్మకం పెరిగింది గానీ, ఇంటికి వచ్చేవాళ్లు లేకుండా పోయారు.

ఒకరోజు నేను వెళ్లేసరికి, తొక్కుల ప్రకటన రాసిపెట్టే ఏఐని అదే మాట అడుగుతున్నది. అద్భుతమైన రుచి అన్నది అది.

"తినకుండనే బాగుందంటున్నదక్కా," అని ఫోన్ పక్కన పడేసి, నా అరచేతిలో తొక్కు పెట్టింది.

నాకు ముఖస్తుతి రాదు. "జర ఎక్కువేసినవ్," అన్నాను.

"గట్లనా? కూసో అక్కా, ఇంకో జాడీ ఉన్నది," అని సంబరంగా పీట వేసింది.

మా ఇంట్లో పొయ్యి మీది పాలు పొంగిపోతాయని నేను లేచి వచ్చేశాను. నెల తిరక్కుండానే ఆమె భూపాలపల్లికి మకాం మార్చింది. ఆ రెండో జాడీలో ఉప్పు ఎట్లా ఉందో ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.