లొరెట్టా గారి చదరం

పెనం మీద దోసె చుయ్యిమన్నప్పుడల్లా మా ఆవిడ సుభద్ర అట్లకాడను పైకీ కిందికీ ఊపుతూ "ఫా, సోల్, లా" అంటుంది. ఆ ఊపు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊరి దగ్గరి చెక్క చర్చిలో నేను గొంతు విప్పితే రెండు వందల మంది అమెరికన్లు పాట ఆపి నన్నే విన్నారు. ఆ సంగతి మాత్రం ఈవిడ ఎవరికీ చెప్పదు.

మా ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్లింది పక్కింటి లొరెట్టా గారు. ఎనభై దాటిన మనిషి, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అక్కడ పాడేది ఈ దేశపు తొలినాళ్ల భక్తి సంగీతం. వాద్యాలుండవు, శ్రోతలుండరు. నాలుగు రకాల గొంతులవాళ్లు నాలుగు వైపులా ఎదురెదురుగా చదరంగా కూర్చుంటారు. మధ్యలో ఒకరు నిలబడి, చెయ్యి పైకీ కిందికీ ఊపి తాళం చూపిస్తూ పాడిస్తారు. మన వర్ణంలోలాగే ముందు ఫా, సోల్, లా అంటూ స్వరాలు, తర్వాత ఇంగ్లీషు కీర్తన. ఇంకేం, చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చినవాణ్ణి, కళ్లు మూసుకుని గమకాల మీద గమకాలు వేశాను. కళ్లు తెరిచేసరికి హాలంతా నిశ్శబ్దం. మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాను.

"మిస్టర్ రావు, పక్కాయన గొంతు మీకు వినిపించిందా?" అన్నారు లొరెట్టా గారు.

"లేదండీ."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చారు? ఇంట్లోనే పాడుకోవచ్చుగా!"

సరే, నిజం చెప్పేస్తాను. రెండు వందలు కాదు, పాతిక మంది ఉంటారేమో. వాళ్లు పాట ఆపలేదు, పాటే అయిపోయింది. నేనింకా సాగదీస్తున్నాను.

సరిగమలైనా రాని సుభద్రను మాత్రం లొరెట్టా గారు "హనీ" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు. కొన్నాళ్లకే చెయ్యి పట్టుకుని చదరం మధ్యకు తీసుకెళ్లారు. "నాలుగు గొంతులూ ఒక్కసారిగా వచ్చి తగిలేది ఇక్కడే, హనీ. భయపడకు, వీళ్లు నిన్ను పడనివ్వరు." వెనక బెంచీలో గుర్రుగా చూస్తూ కూర్చున్నాను. తిరుగుదారిలో నా వంతెప్పుడని అడిగాను.

"మీకింకా మీరే వినిపిస్తున్నారు, మిస్టర్ రావు."

కిందటి చలికాలంలో లొరెట్టా గారు పోయారు. పోయినవాళ్ల కోసం ఒక పాట పాడించడం అక్కడి ఆనవాయితీ. నన్నే పిలుస్తారని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. సుభద్రను పిలిచారు. తాళానికి సుభద్ర చెయ్యి లేచింది, హాలంతా మోగింది. లొరెట్టా గారి మీది బెంగతో నాకు కన్నీళ్లు ఆగలేదు, పాడలేకపోయాను. నేను పాడకపోవడం వల్లనే కాబోలు, పక్కనున్న ముసలాయన గొంతు మొదటిసారి నా చెవిన పడింది. వణుకుతోంది, అయినా శ్రుతి తప్పలేదు. ఇప్పుడు గుడిలో భజనకు కూర్చున్నా ముందు పక్కవాళ్ల గొంతే వెతుక్కుంటాను.

ఇదంతా రాసి సుభద్రకు చదివి వినిపించాను.

"చాల్లెండి," అంది. "మీరు ఏడ్చింది లొరెట్టా కోసం కాదు. నన్ను పిలిచారని."