ఆఖరి అధ్యాయంలో ఇనుపకడ్డీ

మా కాలేజీ ఫిజిక్స్ మాస్టారిని అందరూ సుద్దముక్క అనేవారు. నేను ఆయన దగ్గర ల్యాబ్ అసిస్టెంటును. పుస్తకాల ధరలు ఏటేటా పెరిగి పిల్లలు చదువు మానేస్తుంటే, ఆయనే పాఠ్యపుస్తకం రాసి, ఎవరైనా ఉచితంగా తీసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టసాగారు. ఒక్క అధ్యాయం మిగిలింది.

పట్టపగలే పుస్తకాల డీలరు ఇనుపకడ్డీ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చాడు.

"నా పొట్ట కొడతావేంట్రా? అదంతా తీసెయ్."

"తియ్యను బాబూ."

ఇనుపకడ్డీ ఆయన కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బకు పళ్లు రాలి, రాస్తున్న కాగితాలు నెత్తుటితో తడిశాయి.

మర్నాడు ఆస్పత్రిలో, నా పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని నేను భయంభయంగా టైపు చేస్తుంటే, వాచిన మూతితో ఆయన ఆఖరి అధ్యాయం చెప్పారు.

"లెక్క రాసుకో అమ్మాయ్. కిలో బరువున్న కడ్డీ సెకనుకు పది మీటర్ల వేగంతో వచ్చి, మణికట్టుకు తగిలి, సెకనులో వందో వంతులో ఆగింది. సగటు బలమెంత?"

"వెయ్యి న్యూటన్లు. డీలరు పేరు కూడా పెట్టనా, సార్?"

"వాడు సిలబస్‌లో లేడమ్మా. ఎముక విరిగిందని మాత్రం రాయి."

రాశాను. పుస్తకం మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేశాను.