ఒక కన్ను మూసి చదివిన వాక్యం

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద స్కూటర్ జారి తలకు దెబ్బ తగిలాక నా ఎడమ కన్ను కుడి కన్ను మాట వినడం మానేసింది. కాస్త పైకీ, బయటికీ తిరిగి అక్కడే నిలిచిపోయింది. నడివయసులో మెల్లకన్ను వచ్చింది. పసితనంలో వస్తే మెదడు రెండు బొమ్మల్లో ఒకదాన్ని వదిలేస్తుందట. పెద్దయ్యాక వస్తే వదలదని డాక్టరు చెప్పారు. ప్రతిదీ రెండుగా కనబడేది. నీళ్లు గ్లాసు పక్కన పోసేవాణ్ణి. మెట్రో స్టేషన్లో మెట్లు దిగుతూ ఏది నిజం మెట్టో కాలితో తడుముకునేవాణ్ణి.

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ చెప్పేవాణ్ణి. ఒకరిని ప్రశ్న అడిగితే ఇద్దరు లేచేవారు, లేదా ఎవరూ లేచేవారు కాదు. "సార్, నన్నడుగుతున్నరా, ఫ్యాన్‌నా?" అన్నాడొక విద్యార్థి. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కొన్నాళ్లకే యజమాని నన్ను పాఠాల నుంచి తప్పించి పేపర్లు దిద్దమన్నాడు. ప్రతి అంకె రెండుగా కనబడేవాడికి దిద్దే పని.

అదంతా ఓర్చుకున్నాను, ఆదివారం ఉంది కదా అని. మా చర్చి సంఘంలో ఏళ్ల తరబడి ఆరాధనలో బైబిలు వాక్యం చదివేది నేనే. నాకు చదువు మొదలైందే లేఖనాలతో. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఒక వరుస మీదికి ఇంకో వరుస ఎక్కుతోంది. ఎడమ కన్ను మూస్తే ఒక్క వరుసే మిగిలేది. అలాగే మూసి చదివాను. వచనం చివర తలెత్తి జనాన్ని చూడటం నా పాత అలవాటు. అదీ మానలేదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచాడు.

"బ్రదర్, జర ఏమనుకోకుండ్రి. ఆడోళ్ల దిక్కు నుంచి మాటొచ్చింది. వాక్యం చదువుకుంట కన్ను కొడుతున్నరంట."

ఎందుకు మూస్తున్నానో చెప్పాను. తనకు తెలుసన్నాడు. కానీ కొత్తవాళ్లు వస్తుంటారు, వాళ్లకేం తెలుస్తుందన్నాడు. బాగయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పి మళ్లీ చదవమన్నాడు. నా స్థానంలో ఒక యువకుణ్ణి పెట్టారు.

నాకోసం ఉపవాస ప్రార్థన జరిగింది. తల మీద చేతులుంచారు. ఒప్పుకోని పాపం ఏదైనా మిగిలిందేమో చూసుకోమని ఒకాయన మెల్లగా సలహా ఇచ్చాడు. చూసుకున్నాను. దొరికినవన్నీ ప్రభువు ముందు పెట్టాను. కన్ను తన చోటికి తిరిగి రాలేదు.

చివరికి ఆపరేషన్ చేసి కంటి కండరాలు సరిచేశారు. వాపు తగ్గాక అద్దంలో చూసుకుంటే కళ్లు రెండూ తిన్నగా ఉన్నాయి. నా భార్య ఏడ్చింది. సంఘపెద్ద ఇంటికొచ్చి, నన్ను ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి చూసి స్తోత్రం చెప్పాడు. ఆదివారం సాక్ష్యం చెప్పాలన్నాడు. ఎదురుగా చూస్తే ఒకటే కనబడుతోందని, కిందికి చూస్తే ఇంకా రెండేనని, చదవడమంటే కిందికి చూడటమేనని చెప్పాను.

"అది సుత చెప్పాల్నా? కన్ను సక్కగైంది గద. మందిల విశ్వాసం తగ్గుతది."

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ వాళ్లు ప్రార్థించింది నా చూపు కోసం కాదు, నేను వాళ్లకు కనబడే తీరు కోసం.

ఆదివారం లేచి నిలబడ్డాను. కన్ను తిన్నగా అయినందుకు ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పాను, ఆపరేషన్ చేసిన చేతులకూ చెప్పాను. కిందికి చూస్తే ఇప్పటికీ రెండు కనబడుతున్నాయని, ఒక కన్ను మూసుకునే చదవాలని, మీకు అభ్యంతరం లేకపోతే అలాగే చదువుతానని అన్నాను. మా దగ్గర ఎంత చిన్న సాక్ష్యానికైనా ఆమెన్ పలుకుతారు. ఆ రోజు ఎవరూ పలకలేదు. పాట ఎత్తుకున్నారు.

ఆ వారం వాక్యం ఆ యువకుడే చదివాడు. తరువాతి వారాలూ అతనే. కళ్లకు విశ్రాంతి కావాలని నేనే తప్పుకున్నానని సంఘంలో అనుకుంటున్నారు. ఆ మాట ఎవరు పుట్టించారో నాకు తెలుసు. ప్రతి ఆదివారం ఆ సంఘపెద్దకు చేతులు జోడించి వందనాలు చెబుతున్నాను. క్షమించమని ప్రభువు చెప్పాడు గనక చెబుతున్నాను. ఇంకా క్షమించలేదు.