ముప్పై రెండు బిట్ల మేనమామలు

ఇప్పుడైతే ఫోనే కొత్త సాఫ్ట్‌వేరును తనంతట తాను దింపుకుని, తనంతట తాను మార్చుకుని, పొద్దున మనం లేచేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చుంటోంది. ఆ రోజుల్లో ఇంత సుఖం లేదు. అప్పటి రుచి ఇప్పుడు లేదనుకోండి, అది వేరే సంగతి. మా మార్కాపురంలో నా ఈడు కుర్రవాళ్ళు కొత్త సినిమా ఎప్పుడొస్తుందా అని గోడల మీది పోస్టర్లు చూసుకుంటూ తిరుగుతుంటే, నేను లైవ్ లినక్స్ కొత్త విడుదల ఎప్పుడొస్తుందా అని నెట్ సెంటరు చుట్టూ తిరిగేవాణ్ణి. లైవ్ లినక్స్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు చెబుతాను. కంప్యూటరు చచ్చి పడి ఉన్నప్పుడు, దాని లోపలి డిస్కును ముట్టుకోకుండా, సీడీ మీదనో పెన్‌డ్రైవ్ మీదనో బయటినుంచి వచ్చి పని నడిపించే ఏర్పాటు అది. ఇల్లు కురుస్తున్నప్పుడు వాకిట్లో టార్పాలిన్ కట్టుకుని వంట చేసుకుంటామే, అలాంటిది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండే ఇంజనీర్లు దాన్ని జేబులో పెట్టుకు తిరుగుతారని శాఖా గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకంలో చదివాను. చదివిన మరునాటినుంచి నేనూ జేబులో పెట్టుకు తిరగడం మొదలుపెట్టాను. (ఇంజనీరు కావడానికి మిగతావి ఏం కావాలో ఆ పుస్తకంలో రాసే ఉంటుంది. నేను అంతవరకు చదవలేదు.)

అప్పుడు నేను బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సుల దుకాణంలో పనిచేసేవాణ్ణి. యజమానిని ఊరంతా ఫ్లెక్సు మామ అనేది. నేనూ మామా అనే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. దుకాణంలో ఫోటోలు తీయడం, కంప్యూటర్లో ఫ్లెక్సు తయారుచేయడం వరకే మా పని. అచ్చు వేసేది వెనక సందులోని ప్రెస్సులో. మామకు నా చదువు మీద గౌరవం ఉండేది, ఎందుకంటే దాని గురించి ఆయనకు రోజూ చెప్పేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే కొత్త విడుదల దింపుకొచ్చి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాతదాన్ని తుడిచి కొత్తది ఎక్కించి, దానితోపాటు వచ్చిన మార్పుల పట్టీని ఆయనకు తెలుగులో చదివి వినిపించాను. అందులో ఒక వాక్యం నాకు మరీ నచ్చింది. ముప్పై రెండు బిట్ల పాత యంత్రాల మీద ఇకనుంచి ఇది నడవదట. “మంచి పని చేసినారు మామా. పాతవాటిని ఎంతకాలమని మోస్తారు!” అన్నాను. మామ టీ తాగుతూ, “అంతేలే అల్లుడా” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మామ కంప్యూటరు ఆగిపోయింది.

అది ఏ రోజైనా ఆగిపోవచ్చు, కానీ ఆ రోజు ఆగిపోకూడదు. మరునాడు మా ఊళ్ళోనే ఒక పెద్ద ఓణీల ఫంక్షన్. మా వైపు ఓణీల ఫంక్షన్‌కు పందిరి లేకపోయినా జరుగుతుందేమో గానీ, మేనమామల ఫోటోలున్న ఫ్లెక్సు లేకుండా జరగదు. ఈ పిల్లకు ఇద్దరు మేనమామలు, హనుమంతునిపాడు పక్క పల్లె. పెద్దాయనకు గొర్రెల మంద, చిన్నాయనకు కంది చేను. అన్న గొర్రెలు తమ్ముడి కందిలో పడ్డాయని మొదలైన మాట పట్టింపు ఏళ్ళు గడిచినా తెగలేదు. పిల్ల తల్లి ఏడ్చి మొత్తుకుంటే ఇద్దరూ ఫోటో దిగడానికి ఒప్పుకుని ముందురోజు మా దుకాణానికి వచ్చారు. వచ్చి పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు గానీ మాటలన్నీ మామతోనే. “నా ఫోటో ముందుండాలని ఆయనతో చెప్పు” అని పెద్దాయన. “ముందైతే ఉండమను. నా ఫోటో మాత్రం ఆయన కంటే ఒక్క ఈనె మందం గూడా తగ్గేది లేదని చెప్పు” అని చిన్నాయన. మొదట మామ తెలియక చిన్నాయనను ముందు పెట్టి ఫ్లెక్సు చేస్తే పెద్దాయన చెప్పులేసుకుని బస్టాండు దాకా వెళ్ళిపోయాడు. నేను వెంటబడి తీసుకొచ్చాను. రోజంతా బేరం సాగి, చివరికి పెద్దాయన ముందు, ఎత్తులో ఇద్దరూ సమానం అని తేలి, ఇద్దరూ తలూపి, వేరు వేరు బస్సుల్లో ఊరికి పోయారు. ఆ ఒప్పందమంతా ఇప్పుడు ఈ డబ్బాలో ఇరుక్కుపోయింది.

“మళ్ళా పిలిపిద్దామంటావా?” అన్నాను.

“పిలిస్తే ఇంక ఫంక్షన్‌కే రారు. పెద్దాయన సంగతి చూసినావు గదా. పిల్లకు మామలు లేకుండా ఓణీ ఎవురు కప్పుతారురా?” అని మామ తల పట్టుకున్నాడు.

మెకానిక్ అన్న వచ్చాడు. మా ఊళ్ళో ఏ కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర ఒకటే మందు. “ఫార్మాట్ కొడితే సరి” అన్నాడు.

“కొడితే ఫోటోలు?”

“ఫోటోలు పోతాయి. కంప్యూటరు బతుకుద్ది.”

డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటరుకు తగిలించవచ్చు కదా అని మీకు తోచవచ్చు, నాకూ తోచింది. అంత పాత డిస్కు తీగ పట్టే కంప్యూటరు ఊళ్ళో ఇంకొకటి లేదన్నాడు ఆయన. అప్పుడు నేను లేచి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, గ్రంథాలయంలో నేర్చిన గంభీరమైన గొంతుతో, “ఫార్మాట్ అక్కర్లేదన్నా. దీంతో తెరుస్తాను, చూడు” అన్నాను.

పెట్టాను. తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. దాని తాత్పర్యం, ఇది ముప్పై రెండు బిట్ల యంత్రం, దీని మీద నేను నడవను అని. పొద్దున నేను ఎంతో ఇష్టంగా చదివి వినిపించిన వాక్యమే.

“ఏమంటాందిరా?” అన్నాడు మామ.

“పాతవాటిని మోయనంటాంది మామా.”

నెట్ సెంటరుకు పరుగెత్తాను, పాత విడుదల దింపుకుందామని. రోడ్డు వెడల్పు చేస్తామని తవ్వినవాళ్ళు కేబులు తెంపారట, బజారంతా నెట్ లేదు. ఫోనులో డేటాను చుక్కలు చుక్కలుగా వాడుకునే కాలం, దాని మీద ఆశ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పెన్‌డ్రైవ్ కొనుక్కోకముందు విడుదలలన్నీ సీడీల మీదే ఎక్కించేవాణ్ణి. కొత్తది రాగానే పాత సీడీ పనికిరానిదైపోయేది (నా దృష్టిలో), అదే రోజు దానికి మా నాయన చేనులో పని మొదలయ్యేది. తర్లుపాడు దారిలో మాకు సజ్జ చేను ఉంది. కంకి పాలు పట్టే వేళకు పిట్టలు దిగుతాయి. నాయన ఆ సీడీలకు దారం కట్టి కర్రలకు వేలాడదీశాడు. లినక్స్ విడుదలలన్నీ వరసగా ఎండకు తళతళలాడుతూ పిచ్చుకలను తరుముతున్నాయి.

మామ మోటారుసైకిల్ మీద పోయి నాయన ముందు నిలబడ్డాను.

“నాయనా, ఆ సీడీలు కావాల.”

“ఎందుకు? పంట కోసిందాక ఒకటి గూడా దించేది లేదు. పాలకంకి మీదుండాది చేను.”

“నీకు తెలీదు నాయనా. ఆ ఒక్కోదాంట్లో ఒక కంప్యూటరు మొత్తం ఉండాది.”

నాయన వేలాడుతున్న బిళ్ళను వంగి చూశాడు. “అందుకేనేమో పిట్టలు బెదిరేది. నేను తళుకుకు అనుకుంటి.”

మేనమామల సంగతంతా చెప్పాక కాస్త మెత్తబడ్డాడు. అయితే దించిన ప్రతి సీడీకి బదులు ఏదో ఒక మెరిసే వస్తువు కట్టాలన్నాడు. ఇంటికి పోయి అమ్మ స్టీలు మూతలన్నీ తెచ్చి కట్టాను. అమ్మ వెనకాలే చేను దాకా వచ్చింది. “గిన్నెల మీద నీ పుస్తకాలు మూయాల్నా?” అని అడిగింది. సీడీల మీద స్కెచ్ పెన్నుతో శ్రద్ధగా రాసుకున్న విడుదల సంఖ్యలను ఎండ పూర్తిగా చెరిపేసింది. ఏది ఏదో తెలియక అన్నీ సంచిలో వేసుకున్నాను. బయలుదేరబోతూ చూస్తే మంచె మీద, నీడలో, ఇంకొక సీడీ వేలాడుతోంది.

“అది ముట్టుకోవాకు. గడ్డం గీసుకునే అద్దం నాది” అన్నాడు నాయన.

దాన్ని ఇవ్వడానికి ఆయన పడ్డ బాధ మొత్తం చేను అమ్మేవాడికి కూడా ఉండదు. “మళ్ళా తెచ్చియ్యాల” అని రెండుసార్లు చెప్పి ఇచ్చాడు.

దుకాణంలో మెకానిక్ అన్న టీ తాగుతూ ఎదురుచూస్తున్నాడు. ఎండకు మాడిన సీడీల్లో ఒకటి పెడితే గిర్రున తిరగడం తప్ప ఏమీ చేయదు, ఇంకొకటి సగం దాకా వచ్చి గొంతులో ముద్ద అడ్డంపడ్డట్టు ఆగిపోతుంది. పిట్ట రెట్టలు అంటినవాటిని కుళాయి కింద కడిగి లుంగీతో తుడిచి పెట్టాను. “తిరపతికి పొయ్యి గుండు కొట్టించుకున్నా ఇంతసేపు పట్టదు, ఫార్మాట్ కొట్టనీ” అన్నాడు అన్న. చివరికి నాయన అద్దం పెట్టాను. నీడలో ఉండబట్టి దానికి వన్నె చెడలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పాకడం మొదలుపెట్టాయి.

“ఇది బతికినట్టా, చచ్చినట్టారా?” అన్నాడు మామ గుసగుసగా.

“బతికినట్టే మామా!”

నాకు ఏడుపొచ్చింది. డిస్కు తెరుచుకుంది, ఫోటోలు ఉన్నాయి, ఫ్లెక్సులూ ఉన్నాయి. వాటిని మోసుకుపోవడానికి నా పెన్‌డ్రైవ్ ఒక్కటే గతి కాబట్టి, ఆ పొద్దున ఎక్కించిన కొత్త విడుదలను నా చేత్తో నేనే తుడిచి చోటు చేశాను. ఒక చిక్కు మాత్రం మిగిలింది. మామ తన ఫైళ్ళకు ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ ఓకే, అసలు ఓకే అని పేర్లు పెట్టేవాడు. ఆ కంప్యూటర్లో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోవడంతో అన్ని ఫైళ్ళకూ ఒకటే తారీఖు. అన్నీ తీసుకుని ప్రెస్సుకు పోయాం. ఏది చివరిదో మామకు గుర్తులేదు. అక్కడ నా చదువు మళ్ళీ లేచి నిలబడింది. “పనిచేసేకొద్దీ ఫైలు పెరుగుతాది మామా. అన్నిటికంటే పెద్దదేదో అదే చివరిది” అన్నాను. (ఇది ఏ పుస్తకంలోనూ లేదు.) అది తెరవగానే మామ, “ఉండారు! ఇద్దరూ ఉండారురా!” అని కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. కళ్ళు తుడుచుకునే హడావుడిలో ఎవరు ఎక్కడున్నారో ఇద్దరం చూడలేదు.

మరునాడు పందిరి ముందు ఫ్లెక్సు లేచాక చూశాను. చిన్నాయన ముందున్నాడు, పెద్దాయన వెనక. మొదట పెద్దాయన చెప్పులేసుకుని వెళ్ళిపోయిన ఫ్లెక్సే అది. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరు మేనమామలూ అప్పుడే వేరు వేరు ఆటోల్లోంచి దిగి ఫ్లెక్సు కిందికి వచ్చారు. పిల్ల తల్లి ఓణీ ఉన్న పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పెద్దాయన తల పైకెత్తి చాలాసేపు చూశాడు.

చిన్నాయన హడలిపోయి, మధ్యవర్తి ఫ్లెక్సు మామ ఎక్కడున్నాడో కూడా చూసుకోకుండా, “నేను పెట్టమన్లేదు అన్నా! పిల్ల మీద ఒట్టు!” అన్నాడు.

ఏళ్ళ తరవాత ఆ నోటినుంచి ఆ పిలుపు వచ్చింది. పెద్దాయన ఫ్లెక్సును వదిలేసి తమ్ముడి మొహం చూశాడు. మీసం కొంచెం కదిలింది.

“సరేలేరా. ముందు నువ్వే నడువు. నీ యెనకమాల నేను, నా యెనకమాల గొర్రెలు. ఈసారి కందిలో పడితే మాత్రం నువ్వు తీసకపోయినట్టే లెక్క” అన్నాడు.

పందిరంతా నవ్వింది. చిన్నాయన నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. పళ్ళెం ముందుకు నడిచింది.

నేను చేసిన ఘనకార్యం ఊరికి తెలియజేయాలని, లైవ్ లినక్స్ గురించి, ముప్పై రెండు బిట్ల గురించి కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. ఎవరూ వినలేదు. “ఎవురిని ముందు పెడితే కొట్లాట తెగుతాదో ఆ పిల్లోడికి తెలుసంట” అనే మాట మాత్రం గిద్దలూరు దాకా పోయింది. మాటల్లేని అన్నదమ్ములు, వియ్యంకులు, చివరికి ఒక అత్తా కోడలూ ఫ్లెక్సు కోసం మా దుకాణానికి వచ్చి, నేను ఏం చెబుతానా అని నా మొహం వంక చూసేవాళ్ళు. నేనూ ఏదో లోతుగా ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమిరేవాణ్ణి. (అప్పటికి గడ్డం సరిగా రాలేదు.)

ఇప్పుడు ఒంగోలులో ఒక ఆఫీసు కంప్యూటర్లను నేను నిజంగానే కనిపెట్టుకుని ఉంటున్నాను. మొన్న కూడా ఒక కొత్త విడుదల వచ్చింది. మార్పుల పట్టీని మొదటినుంచి చివరిదాకా, ఒక్క వాక్యమూ వదలకుండా, నిదానంగా చదివాను. చదువుతున్నంతసేపూ, ఆ ప్రెస్సులో వేలు చూపించి “అన్నిటికంటే పెద్దదేదో అదే చివరిది” అన్న కుర్రవాడు పక్కన నిలబడి ఉన్నట్టే ఉంది. అంత ధైర్యంగా తప్పు చెప్పడం ఇప్పుడు నాకు చేతకాదు.