బేతంచెర్లలో మాట్లాడే బటన్లు

నా ఈర్ష్యకు కారణం బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ఒకామె. ఆమెకూ చూపు లేదు, నాకూ లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే ఇద్దరమూ పని చేస్తాం. నేను కడపలో ఒక బండల వ్యాపారి దగ్గర బిల్లులు వేస్తాను. వేసేవాణ్ణి అనాలి. మా యజమాని కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించిన రోజుతో అది ఆగిపోయింది.

పాతదాంట్లో ట్యాబ్ నొక్కుతూ పోతే "కొత్త బిల్లు, బటన్", "సేవ్, బటన్" అని వినబడేది. కొత్తదాంట్లో "బటన్, బటన్, బటన్", అంతే. చూసేవాళ్లు మాత్రం తెర భలే అందంగా ఉందన్నారు. బిల్లులు పక్క కుర్చీకి పోయాయి. నాకు ఫోన్లెత్తే పని మిగిలింది.

ఆ ఫోన్లలో బేతంచెర్ల ఆమెది ఒకటి.

"ఏం చేస్తాండావన్నా?"

"ఫోన్లెత్తుతాండా. కొత్త సాఫ్ట్‌వేర్ బటన్ల పేర్లు చెప్పదు."

"అయ్యో! మాది టిక్కు పెట్టినామా తీసేసినామా, అది కూడా చెప్తాదన్నా. శానా వాగుతాది. దాంతో చస్తాండా."

ఆ చావు నాకెందుకు రాదని ఒళ్లు మండేది.

ఈర్ష్య నీచమని నాకెవరూ బోధించనక్కర్లేదు. ఒకే పని చేయగల ఇద్దరిలో ఒకరికే తలుపు తెరిస్తే, బయట నిలబడ్డవాడు ఈర్ష్యపడడమే న్యాయం. పడకపోతే వాడు తన వాటా తానే మరిచిపోయాడని అర్థం. సమానత్వం గురించి వేదికల మీద గొంతు చించుకున్నవాణ్ణి, నా కుర్చీ దగ్గర మాత్రం వినయం ఎందుకు నటించాలి?

యజమానికి చెప్పుకుంటే నిట్టూర్చాడు. "నీ కర్మ అట్లుండాదప్పా, ఏం చేస్తాం!"

"ఇది కర్మ కాదు సార్. కల్లూరులో కూర్చోని ఈ సాఫ్ట్‌వేర్ రాసినాయన చేసిన పని. ఆయన్నే పిలిపించండి."

"పిలిపిస్తా. బాగు చేసినాక కూడా నీతో కాకపోతే, బిల్లులు ఇంక పక్కాయనకే."

కల్లూరు నుంచి ఆ కుర్రాయన వచ్చాడు. బటన్లు అందంగా ఉండాలని తానే బొమ్మల్లా గీశాడట. బొమ్మకు పేరు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ ఏం చదువుతుంది? పేర్లు పెడతానని వెళ్లి, కొన్నాళ్లకు మార్చి తెచ్చాడు. ట్యాబ్ నొక్కాను.

"ఆకుపచ్చ గుండ్రటి బటన్. నీలం బటన్. పెద్ద ఎర్ర బటన్."

"ఏందప్పా ఇది?"

"పేర్లన్నా. ఉన్నది ఉన్నట్టు పెట్టినా."

"రంగులు నేనేం చేసుకోను? నొక్కితే ఏమైతాదో చెప్పు. ఆ పెద్ద ఎర్రది నొక్కితే ఏమైతాది?"

"బిల్లు డిలీట్ అయితాదన్నా."

ఆఫీసంతా నవ్వింది. అతనికి చిన్నతనం అనిపించినట్టుంది. "ఆ ఒక్కటీ పక్కాయనతో నొక్కించుకుంటే సరిపోదా?" అన్నాడు.

"నీ జీతం కూడా పక్కాయన తీసుకుంటే సరిపోతాదా?"

అతను నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాం. ప్రతి బటన్ చేతా, ప్రతి గడి చేతా మూడు సంగతులు చెప్పించాను: అది ఏమిటి, ఏం చేస్తుంది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. టిక్కు పెట్టినట్టా తీసేసినట్టా అన్నదాని దగ్గర నేను మరీ పట్టుబట్టాను. ఎందుకో చెప్పనక్కర్లేదు.

మర్నాడు వాకిట్లో లోడు లారీ నిలబడి ఉంది. యజమాని నా వెనకే నిలబడ్డాడు. కొనే పార్టీ పేరు, బండల సైజు, చదరపు అడుగులు, రేటు. ప్రతి గడీ తన పేరు తాను చెప్పుకుంది. సేవ్ నొక్కాను. "బిల్లు సేవ్ అయింది" అంది. యజమాని ప్రింటైన కాగితం ఆసాంతం చూసి, డ్రైవరుకిచ్చి, "తర్వాతి లోడు కూడా నువ్వే ఎయ్యప్పా" అన్నాడు.

గర్వం ఆపుకోలేక బేతంచెర్లకు ఫోన్ చేశాను.

"మంచిదన్నా!" అందామె. నిజంగానే సంతోషపడింది. "బిల్లుల పట్టికలో కిందికి దిగితే ఎన్నో వరసలో ఉండావో చెప్తాదా?"

దిగి చూశాను. చెప్పలేదు.

"మాది చెప్తాదన్నా."

ఫోన్ పెట్టేసి, వెంటనే కల్లూరు కుర్రాయనకు కలిపాను.