ఖాళీ గూడు

నిన్న ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడానికి మెకానిక్ వచ్చి మూతలు తీశాడు. ముక్కు మండించే ఆ పుల్లటి వాసన బాబుపేట్‌లోని నా రెండు గదుల ఇంటినిండా పరుచుకుంది. ఊర్జానగర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనపడే ఊళ్లో ఉంటూ ఇన్వర్టర్ కొనుక్కోవడం ఏం ఖర్మ అని అతను నవ్వాడు. నేను కిటికీ తెరవబోయి ఆగిపోయాను. మల్లయ్య కాక చొక్కాలన్నింటికీ ఇదే వాసన ఉండేది. నడుము దగ్గర యాసిడ్ తిన్న చిల్లులు కూడా ఉండేవి.

బల్లార్‌పూర్ దారిలోని మా భూగర్భ బొగ్గు గనిలో లాంపు రూముకు ఆయనే పెద్ద. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం ఇచ్చేది అక్కడే. మా బాపు జబ్బుచేసి పోయాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. ఆడపిల్లనని లోపలికి పంపకుండా లాంపు రూములో వేశారు. మొదటి రోజే కాక నన్ను ఒక గూటి ముందు నిలబెట్టాడు. అది బాపు నంబరు గూడు. అందులో దీపం ఇంకా చార్జింగులోనే ఉంది.

"ఏడాది దాంక ఈ లాంపు ఎవ్వలకియ్య బిడ్డా. గిది నా కానూను," అన్నాడు. ఇంట్లో ఏడవని నేను అక్కడ ఏడ్చాను.

పద్ధతి సులువు. దీపం తీసుకునే మనిషి తన ఇత్తడి బిళ్ల మాకిస్తాడు, దాన్ని అతని గూటి మేకుకు తగిలిస్తాం. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుపోతాడు. బిళ్ల వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. మా షిఫ్టు బిళ్లలన్నీ పోయేదాకా కాక చాయ్ కూడా ముట్టేవాడు కాదు. గూళ్లపైన పేర్లు తెలుగులో సుద్దతో రాసేవాడు. మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు చదవడం ఆ పేర్లతోనే వచ్చింది. ఒకరోజు బాపు బిళ్ల నా చేతిలో పెట్టి, రాగానే తగిలించమన్నాడు, పోయేటప్పుడు తీసుకుపొమ్మన్నాడు. పైన పనిచేసేవాళ్లకు బిళ్లలెందుకని అడిగాను.

"అమ్మ గూడ లేకపాయె. ఒక్కదానివే ఉంటవ్. నువ్వు వచ్చినవా, పోయినవా ఎవలకన్న ఎరుకుండాలె గద," అన్నాడు.

కాక యంత్రాలకు శత్రువని ఎవరైనా అనుకుంటే నాకు కోపం వస్తుంది. అరచేతిలో ఇమిడే కొత్త దీపాలు వచ్చిన రోజు ఆయన సంబరం చూడాల్సింది. అంతకుముందు నడుముకు బరువైన బ్యాటరీ కట్టుకుని దిగేవాళ్లు, అది కారి ఒళ్లు పుండ్లయ్యేది. "మనోల్ల నడుములు బతికినయ్ పో!" అంటూ ఒక్కొక్కరి చేతికీ తానే అందించాడు. తర్వాత ముఖం చూసి హాజరు వేసుకునే యంత్రం వస్తోందని తెలిస్తే నన్ను కంప్యూటరు నేర్చుకోమని పంపిందీ ఆయనే. గని మనుషులందరి పేర్లూ అందులోకి ఎక్కించింది నేను.

ఆ యంత్రాన్ని ప్రారంభించడానికి వచ్చిన ఆఫీసరు, ఇక వరుసలో నిలబడే పని లేదని, ప్రతి మనిషికీ అరగంట మిగులుతుందని చెప్పాడు. వెనక నుంచి కాక చెయ్యెత్తాడు. "సాబ్, ఓ ఆధా ఘంటా కిస్కో మిలేగా?" ఆ అరగంట ఎవరికి దక్కుతుందని. అందరూ ఘొల్లున నవ్వారు. ఆఫీసరూ నవ్వి ఆయన భుజం తట్టాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జవాబు నెల తిరగకముందే తెలిసింది. మనుషులను అరగంట ముందే లోపలికి దింపడం మొదలుపెట్టారు. మా షిఫ్టుకు లాంపు రూములో ఆరుగురం ఉండేవాళ్లం. కాంట్రాక్టు మీద ఉన్న ముగ్గురిని రేపటి నుంచి రావద్దన్నారు, ఒకరిని వేరే గనికి మార్చారు. కాకా నేనూ మాత్రమే మిగిలాం. బిళ్లలను సంచిలో కట్టి స్టోరుకు పంపేశారు.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి షిఫ్టు ముగిసింది. యంత్రం తెర మీద పేర్లన్నీ ఆకుపచ్చగా మారాయి, అంటే అందరూ పైకి వచ్చేసినట్టు. బస్సు దొరకాలని నేను సంచీ భుజానికి తగిలించుకున్నాను. కాక అలవాటు మానలేక గూళ్ల వెంట నడుస్తున్నాడు.

"ఆగు బిడ్డా. పోశం గూడు ఖాళీగున్నది."

"అందరు బయటికొచ్చిండ్రని చూపిస్తుంది కాకా."

"లాంపు రాలే. లాంపు రాంది మనిషెట్లొస్తడు?"

కిందికి ఫోను చేశాడు. గంట తర్వాత ఇద్దరి భుజాల మీద పోశం వచ్చాడు. పాత దారిలో మడమ బెణికి, లేవలేక, అరిచి అరిచి గొంతు పోయి కూర్చున్నాడట. యంత్రం పెట్టినతన్ని నేను నిలదీశాను. అతను తాపీగా, షిఫ్టు టైము అవగానే అందరినీ బయటికి వచ్చినట్టు వేసుకుంటుంది మేడం, ఓవర్‌టైము చూపించకూడదు కదా అన్నాడు. అది చెడిపోలేదు, దాన్ని చేయించుకున్నవాళ్లకు కావలసినట్టే పనిచేసింది. వాళ్లకు కావలసింది పోశం కాదు. నేను సంచీ తగిలించుకున్నాననే సిగ్గుతో నిలబడి ఉంటే కాక గడియారం చూశాడు. "పో బిడ్డా, ఇంకో బస్సున్నది," అన్నాడంతే.

ఆయన రిటైరై రాజురా దగ్గర చెల్లెలి ఊరికి వెళ్లిపోయాడు. చనిపోయాడన్న కబురు నాకు పది రోజుల తర్వాత చేరింది. ఆయన చోటులో ఎవరినీ వెయ్యలేదు. ఇప్పుడు మనుషులే దీపం తీసుకుంటారు, యంత్రానికి ముఖం చూపిస్తారు, వెళ్లిపోతారు. నా కిటికీ దగ్గరికి ఎవరూ రారు. ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇల్లు చేరిన రోజులున్నాయి. దిగులుగా ఉంటుంది, ఎవరితో చెప్పుకోను?

నాలుగింటికి తెర పచ్చబడుతుంది. నా పేరు కూడా. అప్పుడు మొదటి గూటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క దీపాన్నీ వేలితో ముడుతూ చివరిదాకా వెళ్తాను. దానికి అరగంట పడుతుంది, బస్సు పోతుంది. బాపు బిళ్ల నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే ఆయన గూటి మేకుకు తగిలిస్తాను, పోయేటప్పుడు తీసుకుంటాను. మొన్న మరచిపోయి ఇంటికి వచ్చేశాను. మర్నాడు వెళ్లేసరికి బిళ్ల అలాగే వేలాడుతోంది. నేను లోపలే ఉండిపోయానేమోనని ఎవరూ వెతకలేదు.