గౌస్‌బీ పాడిన నరసింహప్ప చావు

గోరంట్లలో గౌస్‌బీ చేతి దెబ్బ రుచి తెలియని వాళ్లు ఆమె ఇంట్లో ఎవరూ లేరు. మొగుడు జమాల్ సాబ్ తిన్నాడు, కూతురు అనీసా తిన్నది, అల్లుడు కలీముల్లా నిఖా పూలు వాడకముందే తిన్నాడు. మనవలు, మనవరాళ్లయితే అన్నం కంటే ముందు అదే తిన్నారు. ఒకసారి తన చెనక్కాయ కట్టె మేసిందని పక్కింటి ఎద్దును మూతి మీద గుద్దింది. ఆ ఎద్దు మళ్లీ ఆ సందులోకి రాలేదని జమాల్ సాబ్ చెబుతాడు. నమ్మడం, నమ్మకపోవడం వినేవాళ్ల ఇష్టం.

ఆ చేతికి తగిన గొంతే ఆమెది. పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ మగవాళ్లు అడుగులు వేస్తూ పాడుతుంటే, వెనక నిలబడ్డ ఆడవాళ్లలోంచి ఆమె గొంతు లేచి వాళ్లందరి పాటనూ మింగేసేది. కర్బలా మైదానంలో తెగిన చేతులు, దిగిన బాణాలు, నీళ్లు లేక ఎండిన నాలుకలు, ఒక్కొక్క గాయాన్నీ దగ్గర కూర్చుని తడిమినట్టు పాడేది. వినేవాళ్లు రొమ్ము బాదుకుని ఏడ్చేవాళ్లు. మరునాడు టీ అంగడి దగ్గర "ఎవరో ఆడమనిషి బలే పాడినాదప్పా" అని చెప్పుకునేవాళ్లు. ఆ ఆడమనిషి ఎవరని అడిగినవాడు మాత్రం పుట్టలేదు.

వాన మొహం చాటేసి, చెనక్కాయ చేలు వరసగా మాడిపోయాక, గౌస్‌బీ వంటమనిషిగా కువైట్‌కు బయలుదేరింది. మూటలో తల్లి కప్పుకున్న నల్ల కంబళి పెట్టుకుంది.

"ఎడారికి కంబళి ఎందుకే?" అని నవ్వాడు జమాల్ సాబ్.

"వచ్చినాక నిన్ను చుట్టి కొట్టనీకి" అంది.

తీరా పోతే అక్కడ చలికాలం ఎముకలు కొరికింది. గౌస్‌బీ కంబళిని తల మీదుగా ముక్కు దాకా లాగి కప్పుకునేది. పని చేసే ఇంటి మేడమ్ శుక్రవారం మధ్యాహ్నం వదిలిపెడితే, అంగళ్ల వెనక ఉన్న ఖాళీ జాగాకు పోయేది. అనంతపురం వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు, వంటవాళ్లు, గొర్రెల కాపర్లు అక్కడ చేరేవాళ్లు. ఆమె ఒక మూల గోడకు ఆనుకుని, ఎవరినీ పట్టించుకోకుండా తనలో తాను పాడుకునేది.

ముంచుకొచ్చిందంతా ఆ కంబళితోనే.

ఆ రోజుల్లో ఫోన్లన్నింటిలో ఒకటే గొంతు మోగుతుండేది. కుందుర్పి వైపు నుంచి వచ్చిన కంబళి ఓబులమ్మ. చేను గట్టు మీద కూర్చుని, నల్ల కంబళి ముక్కు దాకా కప్పుకుని, పెదాలు, గదవ మాత్రమే కనబడేలా పాడేది. ఆమె మొహం చూసినవాళ్లు లేరు. అందుకే ఆమె గురించి ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పేవాళ్లు. కువైట్‌లో ఏదో ప్రోగ్రాంకు ఆమె వస్తోందని కూడా ఒక మాట పుట్టింది. ఆ మాట చెవిన పడ్డ వారమే దివాకర్ అనే కుందుర్పి డ్రైవర్‌కు గోడవార నల్ల కంబళి, కంబళిలోంచి ఆకాశానికి లేచే గొంతు కనబడ్డాయి.

"అక్కా, నువ్వు ఓబులమ్మవే గదా?"

"కాదప్పా. నేను గౌస్‌బీ. గోరంట్ల."

దివాకర్ పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. "సూడ్రా, పెద్దోళ్ల పద్ధతి! పేరు గూడ మార్చి చెప్తాది."

గౌస్‌బీ మళ్లీ కాదంది. తిట్టి మరీ కాదంది. తిట్టేసరికి వాళ్లకు ఇంకా నమ్మకం కుదిరింది. పరుగున పోయి బిర్యానీ పొట్లం, చాయ్ తెచ్చారు. ఎవరో అంగట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, పైటగుడ్డతో తుడిచినంత శ్రద్ధగా తన తువ్వాలుతో తుడిచి, "కూసో అక్కా" అన్నాడు.

పాడేదానికి కుర్చీ వేసిన వాళ్లను గౌస్‌బీ అంతవరకు చూడలేదు. కూర్చుంది. నోరు మూసుకుంది. అల్లాకు తెలుసు తాను ఎవరో, వీళ్లకు తెలియకపోతే తన తప్పా అనుకుని బిర్యానీ పొట్లం విప్పింది. ఇంట్లో బిడ్డ ఒక్క అబద్ధం చెబితే చీపురు తిరగేసే మనిషి, ఆ పూట మాత్రం బొమికలు చీకుతూ కూర్చుంది.

తర్వాతి శుక్రవారానికి జాగా నిండిపోయింది. అందరి నోటా ఒకటే మాట: "నరసింహప్ప పాట, అక్కా! నరసింహప్ప పాట!"

ఆ పాట ఓబులమ్మను ఓబులమ్మను చేసిన పాట. కుందుర్పి పక్క ఒక పల్లెలో బోరు నీళ్ల కాడ రెండు కుటుంబాలకు తగాదా వచ్చింది. నరసింహప్ప అనే రైతును పట్టపగలు చేలో నరికి చంపారు. పాటలో నరసింహప్ప కొడవళ్లను చూసి పారిపోతాడు. చెనక్కాయ చేలో పడి, లేచి, మళ్లీ పారిపోతాడు. వీపున వేట్లు పడతాయి. తాళం అక్కడే ఎక్కుతుంది, కుర్రవాళ్లు ఈలలు వేసేది అక్కడే. గౌస్‌బీకి ఆ పాట రాకపోవడమేమిటి? ఫోన్లలో విని విని నోటికి వచ్చేసింది. మొదలుపెట్టింది.

"పారినాడే పారినాడే నరసింహప్పా,
వీపు సూపి పారినాడే నరసింహప్పా..."

గుంపులోంచి ఒక మనిషి ఎద్దులా దూసుకొచ్చాడు. కుర్చీని తన్నాడు. గౌస్‌బీ వెల్లకిలా పడింది. కంబళితో సహా జుట్టు పట్టుకుని ఆమె తలను నేలకేసి కొట్టాడు. నోట్లోకి ఇసుక, నెత్తురు కలిసి వచ్చాయి. అడ్డం వచ్చిన దివాకర్ అరచేయి కోసుకుని "అమ్మా" అని కూలబడ్డాడు. అప్పుడు కనబడింది, వాడి చేతిలో మాంసం కొట్టే కత్తి.

వాడు ఆంజినప్ప. నరసింహప్ప సొంత తమ్ముడు. మటన్ అంగట్లో పని. కత్తిని పేపర్లో చుట్టుకుని పొద్దున్నుంచి ఈ గడియ కోసమే కాచుకున్నాడు.

"మా అన్న పారిపోయినాడా? నువ్వు చూసినావా, ముండా? నాలుక బయట పెట్టు. కోసి మా అమ్మకు పంపిస్తా."

గౌస్‌బీ నాలుక పెట్టలేదు, పళ్లు పెట్టింది. వాడి మణికట్టును ఎముక తగిలేదాకా కొరికింది. వాడు కెవ్వుమని, ఎడమ చేత్తో చెంప మీద గుద్దాడు. కత్తి గొంతుకు ఆనింది. చల్లగా ఉంది. చుట్టూ ఉన్న గుంపు వెనక్కి జరిగింది. ఫోన్లు మాత్రం ముందుకు వచ్చాయి.

"నేను ఓబులమ్మను కాదురా!" అని కంబళి లాగి మొహం చూపించింది. "సూడు! సూడు నా మొగం!"

ఆంజినప్ప చూశాడు. చూసి లాభమేముంది? ఓబులమ్మ మొహం వాడికీ తెలియదు, ఆ జాగాలో ఎవరికీ తెలియదు.

"నేను తురకదాన్నిరా, సచ్చినోడా! కలిమా చదువుతా, విను!"

"పానం కోసం మతం గూడ మారుస్తావా?" అన్నాడు వాడు. కత్తి ఇంకొంచెం లోపలికి దిగింది. మెడ మీద వెచ్చగా ఏదో జారింది.

గౌస్‌బీకి అప్పుడు భయం వేసింది. జీవితంలో అంతమందిని కొట్టిన మనిషికి, దెబ్బ ఎక్కడిదాకా పోయి ఆగుతుందో ఎదుటివాడి కళ్లలో చూస్తే తెలిసిపోతుంది. ఈ కళ్లలో ఆగే చోటు లేదు. తాను ఎవరో చెప్పి బతకలేదు. ఓబులమ్మగా అయితే ఏమైనా బతకవచ్చునేమో.

"సరే. కోద్దువులే" అంది మెల్లగా. "ముందు చెప్పు. మీ అన్న ఎట్ల సచ్చినాడు? నువ్వు ఆడ ఉంటివా?"

వాడు తడబడ్డాడు. "లేదు. ఈడే ఉంటి. మట్టికి గూడ పోనీలేదు నన్ను, అంగడాయన."

"మరి పారిపోలేదని ఎవరు చెప్పినారు?"

"మా అమ్మ. బయమ్మ. పోస్టుమార్టం అయినాక ఇంటికి తెస్తే మా అమ్మే కడిగినాదంట. ఎవరినీ ముట్టుకోనీలేదంట. ఏ బోరు నీళ్ల కోసం నరికినారో ఆ నీళ్లే తెప్పించి కడిగినాదంట. కుడి చేతి మీద దెబ్బ. రొమ్ము మీద రెండు. కడుపు మీద ఒకటి. తిప్పి చూస్తే వీపు మీద ఏమీ లేదంట. దుమ్ము తప్ప ఏమీ లేదంట. ఫోన్లో చెప్పినాది. పారిపోయినోనికి రొమ్ము మీద ఎట్ల పడతాయి వేట్లు? నువ్వు చెప్పు!"

గౌస్‌బీ నోట్లోని నెత్తురు ఉమ్మేసింది.

"కత్తి తియ్యి. గొంతు మీద ఇనుము పెట్టుకుని యాడ పాడేది?"

వాడు కత్తిని జానెడు ఎత్తాడు. అంతే ఎత్తాడు. ఆ జానెడు సందులో ఆమె లేచి కూర్చుంది. ఓబులమ్మ తాళం పట్టలేదు. గోరంట్లలో గుండం దగ్గర గాయాలను పాడే ఆ పాత వరస పట్టింది. అరచేతిని రొమ్ము మీద వేసి కొట్టుకుంది.

"చెంబుతో నీళ్లు ముంచె బయమ్మ తల్లి,
కుడిచేయి కడిగితే గాయమాయె తల్లి,
రొమ్ము మీద పోసితే ఎర్రనాయె నీళ్లు,
కడుపు మీద పోసితే నిలువలేదు నీళ్లు,
ఒడిలోకి తిప్పుకుని వీపు చూసె తల్లి,
వీపు మీద దుమ్మేగాని దెబ్బ లేదు తల్లీ..."

చివరి చరణాన్ని మళ్లీ ఎత్తుకుంది. ఆంజినప్ప మోకాళ్ల మీదికి జారాడు. కత్తి పట్టుకున్న చేత్తోనే రొమ్ము గుద్దుకుంటున్నాడు. గుంపులో పీర్ల గుండం తొక్కిన కాళ్లు చాలానే ఉన్నాయి. వాటికి వాటంతట అవే అడుగు పడింది.

ఆమె అక్కడితో ఆపి ఉంటే నోరు దక్కేది. ఆపడం ఆమెకు ఎప్పుడు వచ్చింది గనక? తాళం మీద ఉండి, నోటికి వచ్చింది ఇంకొకటి కలిపేసింది.

"ఒక్కని మీదికొచ్చిరి ఇందరు మగవాళ్లు,
ఎదురు నిలిచినోడు ఒక్కడే మగవాడు..."

సోడాసీసా ఎగిరొచ్చి ఆమె మూతి మీద పగిలింది.

విసిరినవాడు కిరణ్. నరికిన కుటుంబం వాడు, నిందితుడి మేనల్లుడు. అంతసేపూ గుంపులో నిలబడి, పారిపోయిన పాటకు ఈల వేద్దామని వచ్చి, తన మేనమామ మగతనం పోయిన పాట వినాల్సి వచ్చింది. వాడి వెనక వాడి జట్టు. ఇటు ఆంజినప్ప వైపు ఇంకో జట్టు. ఊళ్లో తీరని పగ సముద్రం దాటొచ్చి ఆ ఇసుకలో తీర్చుకోబోయింది. కుర్చీ కాళ్లు విరిచి కొట్టుకున్నారు. బెల్టులు తీశారు. ఒకడి చెవి వేలాడింది. ఇంకొకడిని కింద పడేసి మొహం మీద తొక్కారు. బొటబొటా కారే మూతిని కొంగుతో అదిమి పట్టుకుని గౌస్‌బీ, దొరికినవాడిని దొరికినట్టు చెప్పుతో వాయించింది. ఎవరు ఏ జట్టో ఆమెకు తెలియదు. అవసరమూ లేదు.

అంతలో ఆంజినప్ప లేచాడు. కిరణ్‌ను చూశాడు. కత్తిని తిప్పి పట్టుకున్నాడు.

ఆ కళ్లను ఆమె ఇందాకే చూసింది. కింద పడున్న కంబళి ఎత్తి వెనక నుంచి వాడి తల మీద వేసి, చుట్టి, ఒక్క గుంజు గుంజి కింద పడేసి మీద కూర్చుంది. కంబళిలోంచి కత్తి పొడుచుకొచ్చి ఆమె తొడను కోసింది. ఆమె లేవలేదు.

"వదులు! వాన్ని సంపాల!"

"నీ యమ్మ ఒక కొడుకును కడిగినాది గదరా! నిన్ను ఉరేస్తే ఇంకొకన్ని కడగల్నా? ఆ ముసలిదానికి చేతుల్లో సత్తువ ఉండాదా, అడిగినావా?" అని కంబళి మీద నుంచే వాడి నెత్తిన గుద్దింది. గుద్దిన ప్రతిసారీ ఆమె మూతి నుంచి నెత్తురు, పళ్ల ముక్కలు రాలాయి.

లోపల కదలిక ఆగిపోయింది. కాసేపటికి ఏడుపు వినబడింది.

పోలీసులు వచ్చి, ఒంటి మీద నెత్తురు కనబడిన ప్రతివాడినీ వ్యాన్ ఎక్కించారు. గౌస్‌బీని ఆస్పత్రికి తీసుకుపోయి, అక్కణ్నుంచి విమానం ఎక్కించారు. ముందు పళ్లు లేకుండా, కుంటుకుంటూ గోరంట్లలో దిగిన పెళ్లాన్ని చూసి జమాల్ సాబ్ ఏడ్చాడు. కొరికే భయం తప్పినందుకు కూడా కొంచెం ఏడ్చి ఉంటాడని అల్లుడి అనుమానం.

ఆ పాట ఆమె కంటే ముందే ఊరు చేరింది. ఫోన్లన్నింటిలో అదే. కింద పేరు కంబళి ఓబులమ్మది. ఓబులమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

"నీ పేరు యాడా లేదే, గౌసూ" అన్నాడు జమాల్ సాబ్.

"లేకుంటేనే మేలు. పేరుంటే ఇంకొకడు వస్తాడు కత్తి ఎత్తుకుని" అంది గౌస్‌బీ. గాలి పళ్ల సందుల్లోంచి పోయి, మాటలు ఈల వేసినట్టు వచ్చాయి.

వచ్చాడు కూడా. ఒక మధ్యాహ్నం బస్సు దిగి, ఆంజినప్ప గడప అవతలే నిలబడ్డాడు. వాడినీ పంపేశారు; ఆమె అసలు పేరు, ఊరు కువైట్ పోలీసుల దగ్గరే విన్నాడు. పక్కన ఎండిన కట్టెలాంటి ముసలామె.

"అక్కా, మా అమ్మ. బయమ్మ" అన్నాడు వాడు, లోపలికి రాకుండా.

"రారా లోపలికి, కొట్టనులే" అంది గౌస్‌బీ. వచ్చాక ఒకటి కొట్టింది. తర్వాత చాప వేసింది.

బయమ్మ నీళ్లు కూడా తాగలేదు. "పాడు" అంది. "తప్పు పాడింటే మాత్రం వాడు కోయంది నేను కోస్తా."

"పళ్లు లేవమ్మా. గాలి పోతాది, పాట నిలవదు."

"గాలి పోనీ. పాడు."

గౌస్‌బీ మొదలుపెట్టింది. ఈల కలిసిన పాట, ఎక్కాల్సిన చోట ఎక్కక జారిపోయే పాట. రెండో చరణం దగ్గర బయమ్మ చెయ్యి ఎత్తింది.

"కుడి చెయ్యి గాదమ్మా. ఎడమది. కుడిచెయ్యికి ఏమీ కాలేదు. పార పట్టుకునే ఉండినాది ఆ చెయ్యి. పోలీసోళ్లు రాకముందే, చేలో నేనే వేళ్లు విప్పి పార తీసినా."

గౌస్‌బీ ఆంజినప్ప వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు. మళ్లీ మొదటికి వెళ్లింది. చెంబుతో నీళ్లు ముంచింది, ఎడమ చేయి కడిగింది. బయమ్మ కళ్లు మూసుకుని, కొడుకును కడుగుతున్నట్టు తన రెండు చేతులనూ గాలిలో నెమ్మదిగా ఆడిస్తోంది. పాట అయిపోయాక కూడా ఆ చేతులు ఆగలేదు. గౌస్‌బీ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని, ఆ చేతులు ఆగేదాకా పాటను దించలేదు.